ఇటుక పరుపు కింద ఛాంబర్, క్లీనౌట్: సైనిక్‌పురి పెరటి పని

పని జరిగింది సికింద్రాబాద్ సైనిక్‌పురిలో, 1990ల్లో కట్టిన ఒక ఇండిపెండెంట్ ఇంట్లో. వెనక పెరడు 22 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు. పాత సిమెంటు గచ్చు పగుళ్లిచ్చి, వాన పడితే అక్కడక్కడా నీళ్లు నిలుస్తున్నాయి. దాన్ని తీసేసి వైర్‌కట్ ఇటుకలు పరిపించాలని ఇంటివాళ్ల కోరిక. దానికో షరతు ఉంది. పెరట్లో ఉన్న రెండు డ్రైనేజీ మూతలూ కంటికి కనపడకూడదు.

షరతు పెట్టింది ఇంటి ఇల్లాలు. తులసికోటకు నాలుగడుగుల దూరంలో, రోజూ ముగ్గు వేసే చోటే, అంచులు విరిగిన కాంక్రీటు మూత ఒకటి ఉంది. "ఇన్నేళ్లూ దాన్ని చూస్తూనే ముగ్గేశాను బాబూ, ఇక నావల్ల కాదు" అన్నారు. అడగడంలో తప్పేం లేదు.

ఈ కోరికకు మన దగ్గర మామూలుగా జరిగేదేమిటంటే, టైల్స్ వేసేవాళ్లు మూత మీద ఒక పొర మాలు వేసి, పైన టైలు అంటించి వెళ్లిపోతారు. రెండు మూడేళ్లు అందంగానే ఉంటుంది. తర్వాత ఓ రాత్రి బాత్రూంలో నీళ్లు వెనక్కి తంతాయి. ప్లంబర్ వస్తాడు. మూత కింద ఉండే ఛాంబర్, అంటే మురుగు గొట్టాలు కలిసే ఇటుక గుంట, ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. బ్రేకర్ పెట్టి అంచనా మీద పగలగొట్టడం మొదలుపెడతారు. నాకు వచ్చే రిపేరు పనుల్లో ఈ బాపతువి తక్కువేం కాదు. అందుకే ఇక్కడ నేను పెట్టుకున్న కొలమానం వేరు. ఈ ఇంటి గడప ఎప్పుడూ తొక్కని ప్లంబర్, రాత్రిపూట, టార్చి వెలుతురులో, ఒక్క ఇటుక పాడుచెయ్యకుండా మూత తెరవగలగాలి. కనపడకుండా ఉండటం ఆ తర్వాతి సంగతి.

డల్లాస్ నుంచి వచ్చిన ఫోటో

వీళ్లబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. వాళ్లింటి వెనక ఇటుక పరుపు ఫోటో పంపాడు. ఇటుకల మధ్య అరచేతి వెడల్పు గుండ్రటి ఇత్తడి ప్లగ్గు ఒకటి, అంతే. "మనకూ ఇలాగే చేయించండి" అని కింద రాశాడు.

అక్కడి పద్ధతి వేరు. ఇంటి మురుగంతా లోపలే ఒక్క గొట్టంలో కలిసి బయటికొస్తుంది. పెరట్లో ఇటుక ఛాంబర్లు ఉండవు, అడ్డం తీసే పొడవాటి స్ప్రింగు దూర్చడానికి క్లీనౌట్, అంటే ప్లగ్గు బిగించిన గొట్టం నోరు, ఒకటో రెండో ఉంటాయి. మన ఇళ్లలో వంటింటి గొట్టం ఒకవైపు, బాత్రూముల గొట్టాలు ఇంకోవైపు బయటికొచ్చి ఛాంబర్లో కలుస్తాయి. మూడు గొట్టాలు కలిసేచోట అరచేతి వెడల్పు ప్లగ్గు పెట్టి చేతులు దులుపుకుంటే, అడ్డం ఎటువైపు పడిందో చూసే దారే ఉండదు. అయితే అక్కడి ప్లంబింగ్ కోడ్‌లో ఒక మాట నాకు నచ్చుతుంది. క్లీనౌట్ ప్లగ్గు మీద సిమెంటుగానీ, ప్లాస్టరుగానీ, శాశ్వతంగా ఉండిపోయే మరే పూతగానీ వెయ్యకూడదు. దాని ముందు రాడ్డు ఆడించడానికి ఖాళీ కూడా వదలాలి. ఆ రెండు మాటలూ ఇక్కడ తు.చ. తప్పకుండా పాటించాం.

తవ్వి చూస్తే

తులసికోట దగ్గరున్న నడిమి మూతను గునపంతో లేపాం. లోపల రెండడుగుల చదరపు ఛాంబర్, గొట్టం అడుగు దాకా లోతు 2 అడుగుల 3 అంగుళాలు. వంటింటి నీళ్లు పడే జాలీ గుంట (గల్లీ ట్రాప్) నుంచి ఒక గొట్టం, బాత్రూముల నుంచి ఒకటి వచ్చి చేరుతున్నాయి, మూడోది బయటికి పోతోంది. అడుగున ఉండాల్సిన అర్ధచంద్రపు కాలువ అరిగిపోయి, రెండు పక్కల దానివైపు వాలుగా పోసే సిమెంటు, అంటే బెంచింగ్, ఊడిపోయి, మడ్డి పేరుకుని ఉంది. గొట్టాలు పాత స్టోన్‌వేర్‌వి, అంటే కాల్చిన మట్టివి. అతుకుల దగ్గర సిమెంటు రాలిపోయిన సందుల్లోంచి వేపచెట్టు వేళ్లు జుట్టులా లోపలికి దిగాయి. ఒక అతుకు దగ్గర పిడికెడు వేళ్ల ముద్ద పట్టుకుని లాగితే మూరెడు పొడుగు వచ్చింది.

రెండో మూత పెరటి మూలలో ఉంది. అక్కడ కలిసే గొట్టమేదీ లేదు. లైను పక్క సందులోకి మలుపు తిరిగే చోటు, అంతే. దానికో ఛాంబర్ ఎందుకు కట్టారో కట్టినవాళ్లకే తెలియాలి.

దీంతో సగం సమస్య అక్కడే తేలిపోయింది. మూల ఛాంబర్ తీసేసి, మలుపును గొట్టాలతోనే తిప్పి, ఒక క్లీనౌట్ పెడితే చాలు. అంటే దాచాల్సిన పెద్ద మూత ఒక్కటే. దాచడం ఎలా అని ఆలోచించే ముందు, అసలు ఎన్ని మూతలు అవసరమో లెక్క చూసుకోవడం మేలు.

నడిమి ఛాంబర్‌ను కూడా ఇంకో మూలకు జరపమని, అక్కడుంటే వాస్తుకు మంచిదని బంధువొకాయన సలహా ఇచ్చారు. నీళ్లకు వాస్తు పట్టదు, వాటమే కావాలి. 4 అంగుళాల గొట్టానికి 40 అడుగులకు ఒక అడుగు వాలు, 6 అంగుళాలకు 60కి ఒకటి, 9 అంగుళాలకు 90కి ఒకటి. ఇది ప్లంబర్లు తరతరాలుగా వాడే లెక్క. వంటింటి నుంచి నడిమి ఛాంబర్ దాకా 18 అడుగులకే ఐదున్నర అంగుళాల వాలు పోతోంది. ఛాంబర్‌ను 11 అడుగులు జరిపితే ఇంకో మూడు అంగుళాల పైన పోతుంది. వీధి లైను మట్టం మన చేతిలో లేదు. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాక ఆ ప్రస్తావన మళ్లీ రాలేదు.

గొట్టాలన్నీ తీసేసి, నేలలో పూడ్చడానికని తయారయ్యే 110 మిల్లీమీటర్ల యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) గొట్టాలు వేశాం, భారతీయ ప్రమాణం ఐఎస్ 15328 రకం. అతుకులకు రబ్బరు రింగులు. ఛాంబర్ గోడలు గట్టిగానే ఉన్నాయి, లోపల ప్లాస్టరింగ్ కొత్తగా చేయించి, కాలువ, బెంచింగ్ మళ్లీ పోయించాం.

ఇటుక వరస ఎలా ఉండాలో మూతే తేల్చింది

ఇంటివాళ్లు మొదట అడిగింది ఏటవాలుగా అల్లుకుపోయే హెరింగ్‌బోన్ వరస. చూడ్డానికి బాగుంటుంది, నిజమే. కానీ అందులో ఎక్కడా పొడుగ్గా సాగే తిన్నటి గీత ఉండదు. చదరపు మూత అంచు ప్రతి ఇటుకనూ ఐమూలగా కోసుకుంటూ పోతుంది. చిన్న చిన్న త్రికోణపు ముక్కలతో మూత చుట్టూ గీత గీసినట్టే అవుతుంది.

రెండు అడ్డం, రెండు నిలువు పెట్టే చాప అల్లిక వరసలో ఈ ఇబ్బంది లేదు. మేం తీసుకున్న ఇటుక 9 అంగుళాల పొడవు, నాలుగున్నర వెడల్పు, 3 మందం. రెండు కలిస్తే 9 అంగుళాల గడి. పెరడంతా గళ్లే కాబట్టి మూత కూడా అచ్చంగా కొన్ని గళ్లంత ఉంటే దాని అంచులు మామూలు సందుల్లోనే కలిసిపోతాయి.

ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. మేస్త్రిలు అలవాటుగా ఇంటి గోడ దగ్గర మొదలుపెట్టి పరుచుకుంటూ వస్తారు. మూత దగ్గరికి వచ్చేసరికి గడి కుదరదు, ముక్కలు కోస్తారు. మేం తిరగేసి చేశాం. ముందు మూత ఫ్రేమ్‌ను దారాలు కట్టి, ఇంటి గోడకు సమాంతరంగా కూర్చోబెట్టి, అక్కడి నుంచి నాలుగు వైపులా పరిచాం. మిగిలిన ముక్కలు గోడల వెంట పడ్డాయి. గోడ పక్కన ముక్కలుంటే ఎవరూ పట్టించుకోరు. పెరటి నడుమ ఒక్క ముక్క ఉన్నా చూపు నేరుగా అక్కడికే పోతుంది. పాత ఛాంబర్ ఇంటి గోడకు కాస్త వంకరగా ఉంది కాబట్టి, దాని మీద కొత్తగా పోసిన స్లాబులో తెరుపును సరిగ్గా తిప్పి పెట్టాం. కింద వంకర కిందే ఉండిపోయింది.

బరువు లెక్క

రెండడుగుల ఛాంబర్ కప్పాలంటే మూడు గళ్లు ఇటు, మూడు గళ్లు అటు, 27 అంగుళాల ట్రే, అంటే ఇటుకలు పరిచి మూతగా వాడే స్టీలు పళ్లెం, కావాలి. అందులో 18 ఇటుకలు. ఒక్కోటి మూడున్నర కిలోలు. స్టీలు ట్రే, మాలు కలుపుకుంటే 80 కిలోలు దాటిపోతుంది. అట్టపెట్టెలో ఇటుకలు పేర్చి చూపిస్తే మా మేస్త్రి తేల్చేశాడు: "గిది లేపాల్నంటే నలుగురు కావాలె సార్. రాత్రిపూట ఏడికెల్లి తెస్తరు?"

నలుగురు కావాల్సిన మూత ఉన్నా లేనట్టే. అందుకే ఛాంబర్ మీద 4 అంగుళాల ఆర్‌సీసీ స్లాబు పోసి, తెరుపును ఇటు రెండు, అటు రెండు గళ్లకు, అంటే 18 అంగుళాలకు తగ్గించాం. లోపలికి మనిషి దిగాల్సిన పని లేదు, దిగకూడదు కూడా. మురుగు శుభ్రం చేసే పనివాళ్ల రక్షణ కోసం 2013లో చట్టమే వచ్చింది. ఇంటి ఛాంబరైనా సరే, పైనుంచే రాడ్డో, స్ప్రింగో, జెట్టింగ్ పైపో దూర్చేలా ఉండాలి. అందుకని తెరుపును నడిమధ్యన పెట్టకుండా, బయటికి పోయే గొట్టానికి ఎదురు పక్కకు జరిపాం. అడ్డం పడేది ఎక్కువగా ఆ గొట్టంలోనే. పైనుంచి దూర్చిన స్ప్రింగు వంగి దాని నోట్లోకి నేరుగా వెళ్లాలి.

తర్వాత ఇటుకల మందం. ట్రేలో నిండు ఇటుకలు పెట్టే పని లేదు. నీళ్లు పోస్తూ కోసే కట్టరుతో 30 మిల్లీమీటర్ల పలకలుగా చీల్చాం. పలక ఒక్కోటి కిలోన్నర లోపే. ఎనిమిది పలకలు, మాలు, ట్రే అన్నీ కలిపి మూత దాదాపు 26 కిలోలకు వచ్చింది. గట్టివాడైతే ఒక్కడే, లేదంటే ఇద్దరు సులువుగా లేపుతారు. పలకలు కోసే ఇటుకలను విడిగా తెప్పించకుండా అదే లోడులోంచి ఏరాం. బట్టీ మారితే రంగు మారుతుంది.

ట్రే లోపలి సంగతులు

ట్రే, ఫ్రేమ్ రెండూ 3 మిల్లీమీటర్ల ఎస్‌ఎస్ 304 (స్టెయిన్‌లెస్ స్టీలు) షీటుతో చేయించాం. ఛాంబర్ గాలిలో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. తేమతో కలిసి అది ఇనుమును తినేస్తుంది, జింకు పూత ఉన్నా కొన్నేళ్లే. ఫ్యాబ్రికేషన్ షాపుల్లో 304 అని చెప్పి చవక రకం 202 అంటగట్టడం మామూలే. అయస్కాంతంతో తేడా తెలియదు, రెండూ పెద్దగా అంటుకోవు. తుక్కు కొనేవాళ్ల దగ్గర చుక్క వేసి చూసే టెస్టు మందు ఉంటుంది, చిన్న బ్యాటరీతో పనిచేస్తుంది. దాంతో చూశాకే డబ్బులిచ్చాం.

ట్రే అడుగున జాలీ ముక్కను అక్కడక్కడా వెల్డింగ్ చేయించాం. స్టీలు నున్నగా ఉంటే మాలు పట్టదు, ఏడాదికల్లా పలకలు కదులుతాయి. ట్రే అంచు, ఫ్రేమ్ అంచు రెండూ ఇటుక పై మట్టానికి 6 మిల్లీమీటర్లు కిందే ఆగిపోతాయి. మార్కెట్లో దొరికే మూతలకు అంచు పైదాకా ఉండి, ఎండలో మెరుస్తూ నలుచదరపు గీత పట్టిస్తుంది. ఇక్కడ మనుషులు నడవడమే తప్ప బండి ఎక్కదు, కాబట్టి ఇటుక అంచుకు స్టీలు కాపలా అవసరం లేదు. ఎండకాలం కాలికి చురుక్కుమనే గొడవా ఉండదు.

ట్రేకీ ఫ్రేమ్‌కీ మధ్య సందులో ఫోమ్ తాడు కుక్కి, పైన మిగతా సందుల్లో పోసిన ఇసుకే పోశాం. పెరడంతా ఇసుక సందులే కాబట్టి తేడా తెలియదు. నా భయం ఇప్పటికీ ఇక్కడే. రేపెప్పుడో సున్నాలకో, చిన్న రిపేరుకో వచ్చిన మేస్త్రి, మంచి చేస్తున్నాననుకుని ఆ సందుల్లో సిమెంటు పాయింటింగ్ చేశాడంటే కథ మొదటికొస్తుంది.

ఎత్తడానికి రెండు చోట్ల ఇత్తడి నట్లు పెట్టాం. గళ్ల మధ్య సందులో, రెండు పక్కల పలకలను అర్ధచంద్రంగా గ్రైండర్‌తో చెక్కి, నట్టు అందులో ఇమిడేలా చేశాం. నట్టు అడుగు మూసి ఉంటుంది, లేకపోతే వాసన దాంట్లోంచే వస్తుంది. స్టీలు నట్టులో స్టీలు బోల్టు తిప్పితే కొన్నాళ్లకు కరుచుకుపోయి ఊడిరాదు, ఇత్తడికి ఆ జబ్బు లేదు. పైన ఇత్తడి స్క్రూ మూతలు, లోపల గ్రీజు. గ్రీజు ఎందుకంటే ముగ్గుపిండి. రాతి ముగ్గు మెత్తగా ఉంటుంది, రోజూ పడుతుంది, తడిస్తే గట్టిపడుతుంది. ఖాళీ రంధ్రం దానికి దొరికితే చాలు.

నట్టు కొలత మామూలు 12 మిల్లీమీటర్లది. ఎత్తే తాళాలు రెండు చేయించి మీటరు బోర్డు పెట్టెలో తగిలించాం. అయితే తాళాలు పోతాయి. అది లెక్కలో వేసుకునే ఈ కొలత ఎంచాం. ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరికే 12 మిల్లీమీటర్ల పొడుగు బోల్టులు రెండు బిగించి, వాటికి తాడు కట్టి లాగినా మూత వస్తుంది. ప్రత్యేకమైన తాళం ఉంటే తప్ప తెరుచుకోని మూత ఎంత బాగున్నా నేను పెట్టించను.

వాసన, ఎదురు నీళ్లు

పాత మూత పగుళ్లలోంచి గాలి పోయేది. ఇప్పుడు ఫ్రేమ్ గాడిలో గ్రీజు నింపి మూత కూర్చోబెట్టాం, కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. గాలికి దారి లేకపోతే బాత్రూం నేల జాలీ కింద, నాహానీ ట్రాప్‌లో నిలిచే నీటిని తోసుకుని ఇంట్లోకి వస్తుంది. అందుకని మురుగు గాలి పైకి పోయే వెంట్ పైపు చూద్దామని డాబా ఎక్కాం. పైపు ఉంది, కానీ పారపెట్ మట్టానికి కోసేసి, పైన క్యాప్ పెట్టి, వాటర్‌ప్రూఫింగ్ కోటింగ్ కూడా కొట్టేసి ఉంది. అంతకుముందు డాబా పని చేసినవాళ్ల నిర్వాకం. ఇన్నేళ్లూ ఆ ఇంటికి వెంట్ పైపు పని చేసిపెట్టింది పగిలిన ఛాంబర్ మూతే! పైపును మనిషి తలకన్నా పైకి పెంచి, దోమల జాలీతో కౌల్ (పైపు టోపీ) పెట్టాకే కింద మూతకు గ్రీజు వేశాం. మూత దాచాలనుకునేవాళ్లు ముందు డాబా ఎక్కి చూసుకోవాలి. ఈ సంగతి ఎవరూ చెప్పరు.

రెండోది వానాకాలం గొడవ. హైదరాబాద్‌లో పెద్ద వాన పడితే వరద నీరు మురుగు లైన్లలో చేరి, వీధి మ్యాన్‌హోళ్లు పొంగుతాయి. ఆ నీళ్లు ఇళ్లలోకి ఎదురు తంతాయి. ఎక్కడ తెరుపు కింద ఉంటే అక్కడ పైకొస్తాయి. మూతను బోల్టులతో బిగించేస్తే పెరట్లో పొంగాల్సింది బాత్రూంలో పొంగుతుంది. అందుకే మా మూతకు బిగింపు లేదు, బరువు మీదే కూర్చుంటుంది.

ఆ బరువు ఎంత నీటికి లేస్తుందో లెక్క చూశాం. 18 అంగుళాల చదరం అంటే దాదాపు 0.21 చదరపు మీటరు. 26 కిలోలను దానితో భాగిస్తే 12 సెంటీమీటర్ల పైచిలుకు నీటి ఎత్తు వస్తుంది, అంటే 5 అంగుళాలు. ట్రే అడుగు ఎలాగూ ఇటుక మట్టానికి రెండంగుళాలు కింద ఉంది. కాబట్టి నీళ్లు పెరటి మట్టానికి మూడంగుళాలు పైకి రావాలని ఒత్తేసరికి మూత కదులుతుంది. గ్రీజు పట్టు కొంత ఉన్నా ఇంకో అంగుళం అనుకోవచ్చు. బాత్రూం నేల పెరటికన్నా 9 అంగుళాలు ఎత్తులో ఉంది. వంటింటి గల్లీ ట్రాప్ జాలీ రెండంగుళాల ఎత్తులోనే ఉంది కాబట్టి ముందు అక్కడ పొంగుతుంది, అది మూసుకుపోయినా మూత ఆదుకుంటుంది. బాత్రూం నేల పెరటితో సమానంగా ఉన్న ఇల్లయితే ఈ లెక్క నిలవదు. అక్కడ ముందు ఎదురు నీళ్లను ఆపే వాల్వు సంగతి చూడాలి.

మూల క్లీనౌట్

మలుపును ఒకే 90 డిగ్రీల బెండుతో తిప్పకుండా రెండు 45 బెండ్లతో తిప్పాం. మలుపుకు ముందు ఏటవాలు కొమ్మ ఉన్న వై ఫిటింగ్ పెట్టి, దాని కొమ్మను పైకి తెచ్చాం. కొమ్మ ఏ వైపు వాలి ఉండాలన్నది ముఖ్యం. పైనుంచి దూర్చిన స్ప్రింగు నీళ్లు పోయే వైపే వెళ్లాలి, ఎదురు తిరగకూడదు. వై బదులు మామూలు టీ పెడితే స్ప్రింగు గొట్టం అడుగుకు గుద్దుకుని ఎటు పోతుందో చెప్పలేం.

కొమ్మ పై చివర ఇటుక మట్టానికి 3 అంగుళాలు కింద ఆగుతుంది. దానికి మరలున్న ప్లగ్గు. ఆ మరలకు టేపు, గ్రీజు తప్ప గొట్టాలు అంటించే సొల్యూషన్ తగలనివ్వకూడదు. అంటించేసిన క్యాప్‌ను క్లీనౌట్ అనడానికి లేదు. కొమ్మ చుట్టూ 200 మిల్లీమీటర్ల పైపు ముక్కను తొడుగులా పెట్టి, దాని బయట కాంక్రీటు పోసి, 9 అంగుళాల చిన్న ఫ్రేమ్ ఆ కాంక్రీటు మీద కూర్చోబెట్టాం. అడుగు పడిన బరువు గొట్టం మీదికి దిగదు. అంత ఇరుకులో పైపు రెంచి తిరగదు కాబట్టి, నడుమ చదరపు గుబ్బ ఉన్న ప్లగ్గు తీసుకుని, పైనుంచి తిప్పే టీ పానా చేయించి తాళాల పక్కనే తగిలించాం. పైన ఒక్క గడి ట్రే, రెండు పలకలు, నడిమి సందులో ఒకే ఇత్తడి నట్టు. ఐదు కిలోల బరువు, ఒంటి చేత్తో వస్తుంది.

ట్రే ఖర్చు ఎందుకు, రెండు ఇటుకలను ఇసుకలో వదులుగా పెట్టేస్తే సరిపోదా అని ఇంటాయన అడిగారు. చెయ్యొచ్చు. చాలామంది చేస్తారు. కానీ బిగువుగా పరిచిన పరుపులోంచి మొదటి ఇటుక ఊడిరావడం ఎంత కష్టమో ప్రయత్నించినవాళ్లకు తెలుసు. అంచులు విరగ్గొట్టి తీస్తారు, మళ్లీ పెట్టేటప్పుడు ఇసుక తొడుగులోకి జారుతుంది, ప్లగ్గు మరల్లో చేరుతుంది. తాత్కాలికానికి బాగుంటుంది.

కుంగుడు

దాచిన మూతలు బయటపడేది ఎక్కువగా ఒక్క కారణంతోనే. ఛాంబర్ కదలదు, దాని చుట్టూ నింపిన మట్టి కుంగుతుంది. మొదటి వానాకాలం దాటేసరికి మూత పొక్కులా పైకి తేలుతుంది. అందుకే స్లాబును ఛాంబర్ గోడలు దాటి ఆరేసి అంగుళాలు బయటికి పోయించాం. దాని పై మట్టం ఇటుక మట్టానికి 4 అంగుళాలు కింద. మూడంగుళాల ఇటుక, అంగుళం ఇసుక దాని మీద సరిపోతాయి. తెరుపు చుట్టూ మాత్రం రెండంగుళాల కట్ట పోసి ఫ్రేమ్‌ను దాని మీద పెట్టాం. దీనివల్ల కుంగడమంటూ ఉంటే మూత అంచున కాకుండా అడుగు పైన దూరంలో మొదలవుతుంది, కంటికి ఆనదు. గొట్టాల మీద కందకాన్ని మొరంతో ఆరంగుళాల పొరలుగా, నీళ్లు చల్లి దిమ్మిస కొట్టించాం. స్లాబు దాటాక ఇటుకలను 4 మిల్లీమీటర్ల ఎత్తులో పరిచాం, కుంగితే సమమవుతుందని. నీళ్లు పోయే వాలు ఇంటి నుంచి గోడ వైపు 60కి 1. మూత ఆ వాలులో ఎగువన ఉంటుంది, నీళ్లు దాని మీదుగా పారవు.

ఇటుకలు పరచకముందే గొట్టాలకు పరీక్ష. కింది చివర బిగించి నీళ్లు నింపి, మట్టం గీత పెట్టి అరగంట చూశాం. గొట్టం లోపలి వెడల్పుకన్నా 13 మిల్లీమీటర్లు చిన్న బంతి పై చివర వదిలితే కింది చివర దొర్లుకుంటూ వచ్చింది. ఒక చివర అద్దం, ఇంకో చివర టార్చి పెట్టి వెలుతురు పూర్తి గుండ్రంగా కనపడటం కూడా చూశాం. పాత పద్ధతులే, కెమెరా లేకపోయినా సరిపోతాయి.

ఆచూకీ కాగితం

మూత బాగా కలిసిపోతే ఇంటివాళ్లే మర్చిపోతారు. ఇంటి మూల నుంచి టేపు దూరం, మెట్టు అంచు నుంచి టేపు దూరం, రెండూ కలిసేచోటే మూత నడిమి బిందువు. రెండు మూతలకూ ఇలా కొలతలు రాసి, గొట్టాల దారి గీసి, లామినేషన్ చేయించి మీటరు బోర్డు తలుపు లోపల అంటించాం. కింద పెద్ద అక్షరాలతో, ఈ రెండు మూతల చుట్టూ సిమెంటు పాయింటింగ్ చెయ్యరాదని తెలుగులోనూ హిందీలోనూ రాయించాం. పనికొచ్చేవాళ్లలో సగం మంది హిందీ చదివేవాళ్లే. ఇంటివాళ్లు ఫోటో తీసి అబ్బాయికి కూడా పంపారు.

వానాకాలం తర్వాత

పరీక్ష అడక్కుండానే వచ్చింది. వానలు వెళ్లాక బాత్రూం లైనులో అడ్డం పడింది. ఆ సమయానికి నేను ఊళ్లో లేను. ఇంటివాళ్లు కాలనీలో దొరికిన ప్లంబర్‌ను పిలిచారు. ఫోన్లో కాగితం సంగతి చెప్పాను, అంతే. అతను తాళాలు వాడలేదు, తన సంచిలో ఉన్న బోల్టులే బిగించి లాగాడట. గుడ్డ పేలిక ఒకటి బయటపడింది. మూత మళ్లీ కూర్చోబెట్టి, సందుల్లో ఇసుక చీపురుతో ఊడ్చి వెళ్లాడు. నేను తిరిగొచ్చి చూస్తే ఒక పలక మూల పిసరంత రాలింది తప్ప మార్పేం లేదు. ఫోమ్ తాడు మాత్రం తిరిగి పెట్టలేదు, అది మేం పెట్టాం. అప్పుడే ఆ మాట కూడా కాగితంలో చేర్చాం.

కుంగుడు రెండు మిల్లీమీటర్లు ఉంది, అది కూడా స్లాబు బయట. పెద్ద వానలో ఒకసారి గల్లీ ట్రాప్ జాలీ దాకా నీళ్లు వచ్చి వెనక్కి పోయాయట. మూత కదల్లేదు.

ఒక్క లోపం మిగిలింది. వాన వెలిశాక ఇసుక మీద పరిచిన ఇటుకలు చాలాసేపు తడిగా, ముదురు రంగులో ఉంటాయి. ట్రేలో పలకలు పలుచన, కింద స్టీలు, అందుకని త్వరగా ఆరతాయి. కాసేపు ఆ నాలుగు గళ్లు, మూలన ఒక గడి లేత రంగులో తేలి కనిపిస్తాయి. నిండు ఇటుకలు పెడితే తేడా తగ్గేది, బరువు దాదాపు రెట్టింపయ్యేది. రంగు పూస్తే ఏడాదిలో పెచ్చులూడుతుంది. "వాన పడ్డప్పుడు ముగ్గు వెయ్యం కదా, ఉండనీ" అని అమ్మగారే తేల్చేశారు. గ్రీజు మాత్రం ఏటా మే నెలలో, వానలకు ముందు, పాతది గీకేసి కొత్తది పెట్టాలి. ఎండకు గట్టిపడిన గ్రీజు వాసనను ఆపదు.

ఇప్పుడు ముందు వాకిట్లో, కారు పెట్టే చోట ఉన్న మూతకు కూడా ఇదే చెయ్యమంటున్నారు. అక్కడ వద్దన్నాను. ఈ ట్రే మనుషుల నడకకు చేసింది. కారు చక్రం ఎక్కే చోట మూత దిట్టంగా ఉండాలి. కాంక్రీటు మూతలకు ఐఎస్ 12592లో రెండున్నర టన్నులది, 10 టన్నులది, 20 టన్నులది, 35 టన్నులది అని వేర్వేరు రకాలు చెప్పారు. కారు ఎక్కే చోట నేను 10 టన్నుల దానికన్నా తగ్గించను. అంత బలమైన ట్రేలో ఇటుకలు నింపితే లేపడానికి మళ్లీ నలుగురు కావాల్సిందే. పైగా పలచటి పలకలు చక్రం కింద నిలవవు. అక్కడ మామూలు 10 టన్నుల మూతే కొత్తది పెట్టి, దాని ఫ్రేమ్‌ను గడి గీతలో కలిపి, కనపడనిస్తాం. కారు ఎలాగూ దాని మీదే ఆగుతుంది.